తీసుకోని లోన్‌కి మూడు నెలల రికవరీ సర్వీస్: రేటింగ్ అడిగారు కాబట్టి రాస్తున్నా

ఫోన్ కట్ చేసిన రెండు నిమిషాలకి మెసేజ్ వచ్చింది. "మా ప్రతినిధితో మీ అనుభవం ఎలా ఉంది? 1 నుంచి 5 వరకు రేటింగ్ ఇవ్వండి" అని, కింద ఒక లింక్. ఆ ప్రతినిధి నాతో అన్న ఆఖరి మాట "అప్పు ఎగ్గొట్టి మళ్ళీ మాట్లాడటానికి సిగ్గుండాలి". ఆ అప్పు నేను తీసుకోలేదు, ఆ డబ్బు నా కంట పడలేదు, లోన్ ఇచ్చిన కంపెనీ పేరు కూడా అంతకుముందు వినలేదు. లింక్ నొక్కలేదు, ముక్కూమొహం తెలియని లింకులు నొక్కే అలవాటు నాకు లేదు. కానీ అడిగారు కదా, రేటింగ్ పద్ధతిగా ఇద్దామని ఇక్కడ రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, మూడు నెలల సర్వీస్ మరి.

అప్పు వసూలు చేసే ఏజెన్సీ పేరు రాయను, లోన్ ఇచ్చిన కంపెనీ పేరూ రాయను. ఇలాంటి కథలు తెలిసినవాళ్ళ దగ్గర పది దాకా విన్నాక నాకు అర్థమైంది, కంపెనీ పేరు మారుతుంది కానీ స్క్రిప్ట్ మారదు. కాబట్టి ఈ రివ్యూ స్క్రిప్ట్‌కే అనుకోండి.

మొదటి కాల్ మధ్యాహ్నం వచ్చింది, ఆఫీసులో ఉన్నా. ఆడ గొంతు, చాలా మర్యాద. ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు చెప్పి "మాట్లాడుతున్నది మీరేనా మేడమ్?" అంది. అవునన్నా. "వెరిఫికేషన్ కోసం మీ పుట్టిన తేదీ, పాన్ నంబర్ చెప్పండి మేడమ్" అంది. తేదీ నోటిదాకా వచ్చేసింది. బ్యాంకు వాళ్ళు, ఆస్పత్రి వాళ్ళు, కొరియర్ వాళ్ళు అందరూ అడిగి అడిగి మనకి అలవాటు చేసేశారు కదా, ఎవరైనా "వెరిఫికేషన్" అనగానే తలూపుకుంటూ చెప్పేస్తాం. ఎందుకో ఆగాను. "ఫోన్ చేసింది మీరు. మీ దగ్గర ఏ తేదీ ఉందో మీరు చెప్పండి, అవునో కాదో నేను చెప్తా" అన్నా. అటువైపు కాసేపు కీబోర్డ్ చప్పుడు. తర్వాత "అది కాన్ఫిడెన్షియల్ మేడమ్" అంది. నా పుట్టిన తేదీ నాకు చెప్పడం కాన్ఫిడెన్షియల్ అట, ఎవరో తెలియని మనిషికి నేను చెప్పడం మాత్రం వెరిఫికేషన్ అట.

ఆ ప్రశ్న నా భద్రత కోసం కాదని తర్వాత తెలిసింది. లోన్ తీసుకున్న మనిషి నంబర్ మార్చేసి దొరక్కపోతే, అదే పేరున్న వాళ్ళ నంబర్లు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఒక్కొక్కరికీ కొట్టి చూస్తారు, దొరకని మనిషిని ఇలా వెతకడాన్ని ఈ ఫీల్డులో స్కిప్ ట్రేసింగ్ అంటారు. ఎవరు "అవును, నేనే" అంటే వాళ్ళ మీద పడతారు. నేను నా తేదీ, పాన్ చెప్పి ఉంటే వాళ్ళ ఫైల్లో ఖాళీగా ఉన్న గడులు నేనే నింపినట్టయ్యేది, తర్వాతి కాల్‌లో "మీ పాన్ కూడా మా దగ్గర ఉంది మేడమ్" అని అదే నాకు అప్పజెప్పేవాళ్ళు. ఇంకోటి, నిజం ఏజెంటూ దొంగ ఏజెంటూ మొదటి రెండు నిమిషాలు అచ్చం ఒకేలా మాట్లాడతారు. వినికిడి మీద తేడా పట్టలేం. పుట్టిన తేదీ, పాన్, ఆధార్, ఓటీపీ, ఏదీ ఇవ్వకపోవడం ఒక్కటే ఇద్దరికీ పనికొచ్చే జవాబు.

ఇక మర్యాద సంగతి. తెలుగులో ఈ సర్వీస్‌ని కొలవడానికి వేరే స్కేల్ అక్కర్లేదు, సర్వనామాలు చాలు. మొదటి వారం "మేడమ్, మీరు". రెండో వారం మేడమ్ పోయి "ఏమ్మా" వచ్చింది. మూడో వారం ఒక మగ గొంతు, సీనియర్‌నని పరిచయం చేసుకుని, తిన్నగా "నువ్వు"లోకి దిగిపోయాడు. నాలుగో వారం మళ్ళీ మొదటి అమ్మాయే చేసింది, మళ్ళీ "మేడమ్" అంది, పాపం ఆ అమ్మాయికి నేను గుర్తు లేను, కొత్త నంబర్ లాగే మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. రోజుకి ఎన్ని కాల్స్ చేయాలో, ఎంతమందితో తిట్లు తినాలో. నా కోపమల్లా ఆ అమ్మాయి స్క్రీన్ మీద "ఈ నంబర్ మనిషి ఒప్పుకోవట్లేదు, చెక్ చేయాలి" అని రాయడానికి ఒక్క గడి కూడా పెట్టని వాళ్ళ మీద. నేను పదకొండు సార్లు చెప్పిన ఒకే మాట ఎక్కడా నమోదు కాలేదు.

పదకొండు అని ఎలా చెప్పగలుగుతున్నానంటే, రెండో రోజు నుంచి ఒక పాత నోట్‌బుక్‌లో రాసుకున్నా. తేదీ, టైమ్, ఏ నంబర్, ఏ పేరు చెప్పారు, ఏమన్నారు. మా ఆయన నవ్వాడు, "పాలవాడి లెక్క రాస్తున్నావా" అని. నెల తిరిగేసరికి ఆ లెక్కే పనికొచ్చింది. పొద్దున 7.10కి ఒకటి, రాత్రి 8.45కి ఒకటి, ఆదివారం రెండు. రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది, వసూలు కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని, బంధువుల ముందు స్నేహితుల ముందు పరువు తీయకూడదని. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఏజెన్సీ చేసిన తప్పుకి బాధ్యత లోన్ ఇచ్చిన బ్యాంకుది లేదా ఫైనాన్స్ కంపెనీది. "అది ఏజెన్సీ వాళ్ళండీ, మాకు సంబంధం లేదు" అనే జవాబు చెల్లదు. నాకు ఆ జవాబు రెండు సార్లు వచ్చింది, అది వేరే సంగతి.

ఈ సర్వీస్‌లో నేను సున్నా ఇచ్చే చోటు ఒకటుంది. ఐదో వారంలో మా అమ్మకి ఫోన్ చేశారు. నంబర్ ఎక్కడ దొరికిందో ఇప్పటికీ తెలీదు. "మీ అమ్మాయి లోన్ తీసుకుని కట్టట్లేదు, మీరైనా కట్టించండి, లేకపోతే ఇంటికి మనుషులు వస్తారు" అన్నారట. అమ్మ నాకు వెంటనే చెప్పలేదు. సాయంత్రం మామూలుగా మాట్లాడి, పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడిగింది: "నిజం చెప్పవే, ఏమైనా తీసుకున్నావా? ఎంతైనా సరే, మేం చూసుకుంటాం." నేను కాదన్నా, మొత్తం చెప్పా, అయినా తర్వాత రెండు రోజులు ఆమె మాటల్లో ఒక చిన్న జంకు. నా సొంత తల్లికి నేను అప్పు లేదని నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు దాకా ఇదో చికాకు, అంతే. ఆ రోజు నుంచి పట్టుదల.

అప్పటిదాకా నేను చేసిన తప్పు ఏంటంటే ఫోన్లో వాదించడం. ఫోన్ వాళ్ళ మైదానం, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని వాళ్ళకి. మనకి గుండె దడ, వాళ్ళకి స్క్రిప్ట్‌లో తర్వాతి లైన్. వాళ్ళ దగ్గర లేనిది కాగితం. అది కనిపెట్టాక ప్రతి కాల్‌కీ నా జవాబు ఒకటే వాక్యం: "ఈ అప్పు నాది కాదు, వివరాలు రాతపూర్వకంగా పంపండి, నా ఈమెయిల్ రాసుకోండి." అంతే, కట్. మొదట్లో మొండితనంగా అనిపిస్తుంది కానీ నాలుగైదు సార్లకి నాలిక అలవాటు పడుతుంది.

రాతలో ఏమడగాలన్నది కూడా ముఖ్యమే. నేను పంపిన మెయిల్ పది లైన్లు ఉంటుంది. అసలు లోన్ ఇచ్చింది ఎవరు, లోన్ అకౌంట్ నంబర్ ఎంత, ఏ తేదీన ఇచ్చారు, సంతకం చేసిన అగ్రిమెంట్ కాపీ, డబ్బు ఏ ఖాతాలో వేశారు, ఇప్పటిదాకా ఎవరు ఎంత కట్టారన్న స్టేట్‌మెంట్, వసూలు చేయమని మీ ఏజెన్సీకి కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్. చివర్లో "ఈ మెయిల్ రాసినంత మాత్రాన ఈ అప్పుని నేను ఒప్పుకున్నట్టు కాదు" అని ఒక లైన్. అందులో నా కొత్త వివరాలేవీ పెట్టలేదు, పాన్ కాపీ అటాచ్ చేయలేదు, సంతకం స్కాన్ చేసి పెట్టలేదు. భాష కూడా చప్పగా ఉంచా. మొదటి డ్రాఫ్టులో నాలుగు తిట్లున్నాయి, తీసేశా, రేపు ఇంకెవరైనా ఆఫీసర్ చదివితే నా వైపు ఉండాలి కదా.

జవాబుగా ఏం వచ్చిందో చూడండి. ఒక ఎక్సెల్ షీట్ స్క్రీన్‌షాట్. ఒకే వరుస. పేరు, నంబర్, బాకీ మొత్తం, "డీపీడీ" అని గడువు దాటిన రోజుల లెక్క. ఆ వరుసకి పైన, కింద ఇంకెవరివో పేర్లు సగం కత్తిరించి ఉన్నాయి. ఇన్ని కాల్స్, ఇంత అరుపు, మా అమ్మ నిద్ర పాడుచేయడం, అన్నీ ఆ ఒక్క వరుసని పట్టుకునే.

ఇది ఈ ఏజెన్సీ ఒక్కదాని గొడవ కూడా కాదు. మొండి బాకీలు చేతులు మారుతూ ఉంటాయి, ఒక ఏజెన్సీ నుంచి ఇంకో ఏజెన్సీకి, కొన్నిసార్లు అప్పునే టోకున అమ్మేస్తారు. చేయి మారినప్పుడల్లా వరుస వెళ్తుంది, కాగితాలు వెనకే ఉండిపోతాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని మీద 2013లో ఒక పెద్ద రిపోర్ట్ వేసింది. అప్పులు కొనే కంపెనీలు డాలర్ బాకీకి సగటున 4 సెంట్లు, అంటే వందకి నాలుగు, ఇచ్చి కొంటున్నాయనీ, చాలా ఖాతాలకి అసలు పత్రాలు చేతికే రావట్లేదనీ అందులో ఉంది. నాలుగు సెంట్లకి కొన్న సరుకు కాబట్టి వందమందిలో పదిమంది భయపడి కట్టినా గిట్టుబాటే. మిగతా తొంభై మందికి అప్పు ఉందా లేదా అని వెతికి చూసే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? నా మెయిల్‌కి స్క్రీన్‌షాట్ ఎందుకొచ్చిందో ఈ లెక్క చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఇక వాళ్ళ ఆఫర్ గురించి. రేటింగ్‌లో దీనికి తెలివితేటల కింద రెండు స్టార్లు ఇస్తా. ఆ "సీనియర్" ఒకరోజు హఠాత్తుగా చల్లబడ్డాడు. "చూడమ్మా, నీది కాకపోతే కాకపోయింది, ఇప్పటికి ఏదో చిన్న మొత్తం వేసెయ్, ఫైల్ హోల్డ్‌లో పెట్టేస్తా, ఎవరూ ఫోన్ చేయరు" అన్నాడు. మొత్తం నిజంగా చిన్నదే. అప్పటికి విసిగిపోయి ఉన్నానేమో, ఒక్క క్షణం మనసు ఊగింది, పీడ వదిలిపోతుంది కదా అని. చాలామంది ఇక్కడే పడతారు. నాది కాని అప్పుకి నేను ఒక్కసారి కడితే, అది నాదని నేనే చెప్పినట్టు. పైగా లిమిటేషన్ చట్టం ఒకటుంది. మన దేశంలో మామూలు అప్పు కోసం కోర్టుకి వెళ్ళడానికి సాధారణంగా మూడేళ్ళ గడువు, 1963 చట్టం. ఆ గడువు ముగిసేలోపు రాతపూర్వకంగా ఒప్పుకున్నా, కొంత కట్టి దానికి మన చేతిరాతో సంతకమో ఉన్నా, గడియారం మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది. అంటే ఆ "చిన్న మొత్తం" వాళ్ళకి డబ్బు కంటే విలువైన వస్తువు, సాక్ష్యం. డబ్బు వేయమన్న యూపీఐ ఐడీ కంపెనీ పేరు మీద లేదు, ఎవరో మనిషి పేరు మీద ఉంది. దాని గురించి ఇంకేం చెప్పను, ఆ స్క్రీన్‌షాట్ కూడా నోట్‌బుక్ పక్కన చేరింది.

వెయ్యనని చెప్పాక లీగల్ నోటీస్ వచ్చింది, వాట్సాప్‌లో. పైన తక్కెడ బొమ్మ, ఎర్ర ముద్ర, "అరెస్ట్ వారంట్", "క్రిమినల్ యాక్షన్", "24 గంటలు" అని పెద్దక్షరాలు. చేతులు చల్లబడ్డాయి, అబద్ధమెందుకు. ఒక గ్లాసు నీళ్ళు తాగి మళ్ళీ నెమ్మదిగా చదివితే, కేస్ నంబర్ అన్నచోట చుక్కలే ఉన్నాయి, కోర్టు పేరు లేదు, నా పేరు వేరే ఫాంట్‌లో ఉంది. లోన్ కట్టలేకపోవడం దానంతట అది సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు వారంట్ పట్టుకుని రారు. చెక్ బౌన్స్ అయితే వేరు, మోసం కేసు అయితే వేరు. నేను వాళ్ళకి చెక్ ఇచ్చిందీ లేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు, వెతికా, ఏమీ లేదు.

కానీ దీన్ని చదివి ప్రతి నోటీసూ ఉత్తుత్తిదే అనుకోకండి. నిజంగా కోర్టు నుంచి సమన్లు వస్తే, అప్పు మనది కాదని ఎంత నమ్మకం ఉన్నా, ఆ తేదీకి హాజరై జవాబు వేయాల్సిందే. వెళ్ళకపోతే ఏకపక్షంగా డిక్రీ, అంటే వాళ్ళ వైపు తీర్పు, ఇచ్చేయొచ్చు, ఆ తర్వాత "నాది కాదు" అని నిరూపించడం పది రెట్లు కష్టం. లాయర్ పేరుతో అసలు నోటీస్ పోస్టులో వచ్చినా ఒక చిన్న జవాబు పంపి రసీదు దాచుకోవడం మంచిది.

ఇప్పుడు వేరే సర్వీస్ రివ్యూ, క్రెడిట్ రిపోర్ట్, అంటే మన పేరు మీద ఉన్న అప్పుల చిట్టా. ఇది మొదటి వారమే చేయాల్సింది, ఆరో వారంలో చేశా, నా తప్పు. మనమందరం "సిబిల్" అనేస్తాం కానీ మన దేశంలో క్రెడిట్ సమాచార కంపెనీలు నాలుగు ఉన్నాయి, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. సైట్‌లో ఆ ఉచితం బటన్ వెతుక్కోవడం ఒక కళ, డబ్బు కట్టే ప్లాన్లు మాత్రం బ్యానర్లు కట్టి కనిపిస్తాయి. ఒకదాంట్లో చూసుకుని శుభ్రంగా ఉంది అని ఊరుకునేదాన్నే, మా తమ్ముడు "అన్నీ తీయవే అక్కా" అన్నాడు. మూడు శుభ్రం. నాలుగో దాంట్లో ఉంది. బైక్ లోన్. నాకు బైక్ నడపడం రాదు, స్కూటీ కూడా రాదు, సైకిల్ ఎనిమిదో క్లాసులో పడ్డాక మళ్ళీ ముట్టుకోలేదు.

రిపోర్ట్‌లో ఆ ఖాతా కింద చిరునామా ఒకటి ఉంది, నేను ఎప్పుడూ ఉండనిది. అదే పేరు, పుట్టిన సంవత్సరం కూడా అదే, పాన్‌లో ఒక్క అక్షరం తేడా. ఎవరో టైప్ చేసేటప్పుడు జారిన ఆ ఒక్క అక్షరంతో ఇంకెవరిదో జీవితం వచ్చి నా ఫైల్లో కూర్చుంది. ఇన్నాళ్ళూ ఏజెన్సీ వాళ్ళు పూర్తిగా గాల్లోంచి నన్ను పట్టుకున్నారనుకున్నా, కాదు, పొరపాటుకి ఒక వేరు ఉంది. ఆ వేరు పీకకుండా ఏజెన్సీతో ఎంత పోట్లాడినా ఇంకొకళ్ళు మొదలుపెట్టేవాళ్ళే.

డిస్ప్యూట్ ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, ఖాతా ఎంచుకుని "ఈ ఖాతా నాది కాదు" అన్నది టిక్ పెట్టడం, అంతే. దీనికి నాలుగు స్టార్లు ఇచ్చేదాన్ని, సగంలో రెండు సార్లు లాగౌట్ చేయకపోయి ఉంటే. సర్వీస్ రిక్వెస్ట్ నంబర్ వస్తుంది, అది దాచుకోండి. నియమం ఏంటంటే ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో తేల్చాలి, లోన్ ఇచ్చిన కంపెనీ 21 రోజుల్లోపు సరైన సమాచారం పంపాలి. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ వందతో మేడలు కట్టం గానీ, మెయిల్‌లో ఆ మాట రాయగానే అవతలివాళ్ళ వేగం మారడం నేను చూశా.

అదే రోజు లోన్ ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్ అడుగున, ఎవరూ చూడకూడదన్నట్టు బూడిదరంగు చిన్నక్షరాల్లో ఉన్న ఫిర్యాదుల పేజీలో నోడల్ ఆఫీసర్ ఈమెయిల్ పట్టుకున్నా. నోట్‌బుక్ పేజీల ఫోటోలు, ఏజెన్సీకి పంపిన మెయిల్, ఎక్సెల్ వరుస, యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ "వారంట్", క్రెడిట్ రిపోర్ట్‌లో ఆ పేజీ, అన్నీ జతచేసి రాశా. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని చివర్లో పెట్టా. బెదిరింపుగా కాదు, తర్వాతి స్టేషన్ పేరు చెప్పినట్టు. అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయడానికి పైసా ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, 14448కి ఫోన్ చేసి ఎలా వేయాలో అడగొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోల మీద, అంటే రిపోర్ట్ ఇచ్చే ఆ నాలుగు కంపెనీల మీద కూడా అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. ముందు కంపెనీకి రాసి ఉండాలి అన్నది ముఖ్యమైన షరతు, చాలామంది నేరుగా అక్కడికి వెళ్ళి వెనక్కి వస్తారు.

నా పేరు మీద ఎవరో కావాలని లోన్ తీసి ఉంటే దారి కాస్త వేరేగా ఉండేది, అప్పుడు ముందు 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు పెట్టాలి, ఆ కాపీ కంపెనీకి, బ్యూరోకి పంపాలి. నాది మోసం కాదు, నిర్లక్ష్యం. దానికి హెల్ప్‌లైన్ ఇంకా పెట్టలేదు.

బయట దేశాల్లో ఉన్న మనవాళ్ళు కూడా ఇలాంటివి అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో 1977 నాటి చట్టం ఒకటుంది, ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్. మొదటిసారి సంప్రదించిన ఐదు రోజుల్లోపు కలెక్టర్ అప్పు వివరాలు రాసి పంపాలి, అవి అందాక 30 రోజుల్లోపు మనం నాది కాదని రాతలో చెబితే, నిరూపించేదాకా వసూలు ఆపాలి. ఆ 30 రోజులు ఫోన్లో వాదిస్తూ గడిపేస్తే ఆ హక్కు చేజారినట్టే. 2021 నవంబరు నుంచి ఒక అప్పు గురించి వారం రోజుల్లో ఏడు కాల్స్ దాటితే వేధింపు కింద లెక్కేస్తారు. నాకు ఆ లెక్క ఉండి ఉంటే మొదటి మంగళవారానికే కోటా అయిపోయేది. ఇంగ్లండ్‌లో మామూలు అప్పులకి ఆరేళ్ళ గడువు. ఎక్కడైనా ఒకటే తంతు, రాతలో అడగాలి, ఒప్పుకున్నట్టు మాట జారకూడదు, పీడ వదుల్తుందని కట్టకూడదు.

నోడల్ ఆఫీసర్ నుంచి పందొమ్మిదో రోజు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో మూడు లైన్లు: పరిశీలించాం, ఖాతా మీది కాదని గుర్తించాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం. "అసౌకర్యం" అట. మా అమ్మ ఫోన్ సంగతి రాసిన పేరాకి జవాబు లేదు, యూపీఐ ఐడీ గురించీ లేదు. మళ్ళీ రాశా: ఖాతా నాది కాదని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి, బ్యూరోకి సరిచేయమని పంపిన రుజువు ఇవ్వండి, ఏ ఏజెన్సీల దగ్గర నా నంబర్ ఉందో అన్నిచోట్లా తీయించామని రాసివ్వండి. లెటర్ వచ్చింది. ఇరవై ఆరో రోజుకి రిపోర్ట్‌లోంచి బైక్ పోయింది. వంద రూపాయల పరిహారం నాకు దక్కలేదు, నాలుగు రోజుల తేడాతో.

ఏజెన్సీ నంబర్ల నుంచి కాల్స్ ఆగిపోయాయి. పది రోజులకి వేరే ఏజెన్సీ నుంచి కొత్త గొంతు. "మేడమ్, మీరు" దగ్గరే మొదలుపెట్టాడు. నేను లెటర్ తేదీ, రిఫరెన్స్ నంబర్ చదివి, ఈమెయిల్ చెప్పి పంపిస్తానన్నా. "ఓకే మేడమ్, నంబర్ తీసేస్తాం" అన్నాడు. మొత్తం నలభై సెకన్లు. ఇంత చిన్న కాల్ సాధ్యమేనన్నమాట. వీళ్ళకి మూడు స్టార్లు.

మొదటి ఏజెన్సీకి ఎన్ని స్టార్లు ఇవ్వాలన్నది ఇంకా తేలలేదు. ఎందుకంటే ఒక సంగతి చెప్పలేదు. ఆఫీసర్ పంపిన రెండో మెయిల్‌కి, లెటర్‌తో పాటు, పొరపాటునో అతిజాగ్రత్తతోనో, ఆ లోన్ అప్లికేషన్ మొత్తం జతచేసి పంపారు. నా పేరే ఉన్న ఇంకొకావిడ. ఆమె ఫోటో, తండ్రి పేరు, డోర్ నంబర్, ఆధార్ కాపీ, సంతకం, ఆమె పని చేసిన చోటు. ఫోటోలో నా వయసే, జడ ముందుకేసుకుని, కెమెరా వైపు కాస్త భయంగా చూస్తోంది. మూడు నెలలు ఆమె మీద నాకు లోపల్లోపల కోపం ఉండేది, నీ వల్ల కదా అని. ఫోటో చూశాక అది పోయింది. ఆమెకీ ఇలాగే పొద్దున ఏడుకి ఫోన్లు మొదలై ఉంటాయి, అందుకే నంబర్ మార్చేసి ఉంటుంది.

ఫైల్ డిలీట్ చేసి, చేశానని ఆఫీసర్‌కి మెయిల్ పెట్టా, ఇంకెవరికీ ఇలా పంపొద్దని కూడా రాశా. జవాబు రాలేదు. రేటింగ్ లింక్ మాత్రం నిన్న మళ్ళీ వచ్చింది.